మైకు చేతికొచ్చిన శుక్రవారం

మాచర్ల,
శనివారం.

ప్రియమైన నాయనమ్మకు,

నీ పెద్ద మనవరాలు కెజియా ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ నేను బాగున్నాను. నా గదిలో ఉండే బల్లి కూడా బాగుంది. అక్కడ నువ్వు, నీ మోకాళ్లు, నాన్న, అమ్మ, మొన్న ఈనిన బర్రె అందరూ కుశలమేనని తలుస్తున్నాను. నేను పంపిన ఆయింట్‌మెంటు మోకాళ్లకే రాస్తున్నావా, తలకి కూడా పట్టిస్తున్నావా? నీ లెక్కలో మంచి మందంటే ఒళ్లంతటికీ మందే. దయచేసి కళ్లకి మాత్రం దూరంగా ఉంచు.

ఈ ఉత్తరం అమ్మే చదివి వినిపిస్తుందని తెలుసు. అమ్మా, వాకిట్లో మంచం మీద కాదు, లోపల కూర్చొని చదువు. ఫోనులో చెప్పకుండా ఈ కాగితాలేందని అడుగుతావేమో. నువ్వు స్పీకరు పెట్టకుండా ఫోను మాట్లాడింది నేనెప్పుడూ చూడలేదు. నాతో పాటు బజారంతా మాట్లాడుతుంది.

ఇన్నాళ్లూ రాయలేదని అలిగావట నాయనమ్మా. కారణం బద్ధకం కాదు. బద్ధకం నాకు ఉన్నమాట వాస్తవమే గానీ ఈసారి దాని తప్పేం లేదు. నా కడుపులో వేరేవాళ్ల మాట ఒకటి ఉండిపోయింది. అది ఉండగా నీకు ఉత్తరం మొదలుపెడితే, బర్రె క్షేమం అడిగేలోపే బయటపడేది. ఇప్పుడు ఆ మాట సొంతదారే పోయిన ఆదివారం చర్చిలో మైకు పట్టుకొని చెప్పేశాడు. మా చర్చి మైకంటే బస్టాండు దాకా వినపడే మైకు. అందుకని ఇక రాసినా తప్పులేదు. అయినా సరే, మీరు దీన్ని మన చర్చిలో ప్రార్థన మనవి చేయవద్దు. ఎందుకంటున్నానో ముందుకు వెళితే తెలుస్తుంది.

ముందు మామూలు విశేషాలు. క్రోసూరులో బస్సెక్కి, సత్తెనపల్లిలో మారి, పిడుగురాళ్ల దాటి వచ్చిన ఈ విదేశంలో ఎండ మన ఎండ కాదు. ఇక్కడ నేలా రాయే, గోడా రాయే. పగలంతా తాగిన ఎండని సాయంత్రం నాపరాళ్లు మన మీదే కక్కుతాయి. ల్యాబులో పని బాగానే ఉంది. పొద్దున్నే పరగడుపున వచ్చేవాళ్లతో మొదలవుతుంది. సూది గుచ్చే ముందు అందరితో "చీమ కుట్టినట్టు ఉంటది, అంతే" అంటున్నాను. ఇది అబద్ధం కిందికి వస్తుందో రాదో పాస్టరుగారిని అడగాలి. పెద్ద పెద్ద మీసాలవాళ్లే ముందు కళ్లు మూసుకుంటారు.

నువ్వు అడగవుగానీ నేనే చెబుతాను. మొదట్లో చానా ఒంటరిగా ఉండేది. ఈ ఊళ్లో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. "రక్తం తీసే పిల్ల" అనేవాళ్లు. నేను జోకు వేస్తే నవ్వేవాళ్లు లేరు. ఒకరోజు ఆపుకోలేక రక్తం గొట్టాలు తిప్పే మిషనుకి ఒకటి చెప్పాను. అది గిరగిరా తిరిగి ఆగిపోయింది. నా బతుకులో అంత మర్యాదగల శ్రోత దొరకలేదు.

నేను అద్దెకుంటున్నది సంతోషమ్మ అత్త వాళ్ల మేడమీది గది. అత్త కింద ఉంటుంది. ఆమె కొడుకు దానియేలు అన్న మైకుసెట్లు, షామియానాలు అద్దెకిచ్చే షాపు నడుపుతాడు. కోడలు ఎస్తేరు వదినది కారంపూడి. పెళ్లయి చానా ఏళ్లయినా పిల్లలు లేరు. వదినకి పాట బాగా వచ్చు, మాట తక్కువ. అత్తకి పాట రాదు, మిగతావన్నీ వచ్చు. అత్త మంచిది నాయనమ్మా. నాకు జ్వరం వస్తే మిరియాల చారు పెట్టి మెట్లెక్కి తెచ్చింది. ముందు ఇది చెప్పకపోతే తర్వాత చెప్పేవి విని నువ్వు ఆమె మీద కోపం పెట్టుకుంటావు.

ప్రతి శుక్రవారం అత్త ఇంట్లో ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. మైకు దానియేలు అన్నదే, యాంప్లిఫయరు దగ్గర కూర్చునేదీ అన్నే. ల్యాబులో మధ్యాహ్నం ఖాళీ గనక నేనూ వచ్చేదాన్ని. ప్రార్థన అయ్యాక ఉపవాసం విరమించి టీలు, బజ్జీలు. అప్పుడు మొదలయ్యేవి ఆ వచ్చిన పిన్నులతో నాకు పరీక్షలు.

"అమ్మాయ్, మూడో ఇంటామె మీ ల్యాబుకి వచ్చిందంటగా? షుగరా?"

"ఎందుకు పిన్నీ?"

"ఎందుకేంది? ప్రార్థన చెయ్యొద్దూ! ఎంత ఉందో చెబితే అంత భారంగా చేస్తాం."

"ప్రభువుకి రిపోర్టు ముందే అందింది పిన్నీ. మనకి జిరాక్సు ఎందుకు?"

అందరూ నవ్వారు. ఈ ఊరొచ్చాక నా జోకుకి నవ్వు రావడం అదే మొదలు. ఆ నవ్వుకి నా ప్రాణం లేచి వచ్చింది. ఆ వెనకే ఇంకో ఆలోచనా వచ్చింది. ఒక్క రిపోర్టు, చిన్నది, ఎవరికీ నష్టం లేనిది, వదిలితే ఏం పోయింది? రేపటినుంచి ఈ చాప మీద నడిమధ్య చోటు నాదే. ఎన్ని బజ్జీలు కావాలంటే అన్ని బజ్జీలు.

సాతాను గురించి నువ్వు చిన్నప్పుడు చెప్పినవన్నీ నిజమే నాయనమ్మా. ఒక్కటి మాత్రం చెప్పడం మర్చిపోయావు. వాడు చానా మర్యాదస్తుడు. కొమ్ములతో వస్తే గుర్తుపట్టి పరిగెత్తేదాన్ని. వేడి టీ గ్లాసుతో వచ్చి, "పాపం, ఒక్కదానివే ఉంటున్నావు, రా కూర్చో" అంటాడు. అందులోనూ ప్రార్థన చేద్దామనే అంటాడు. ప్రార్థన వద్దని ఏ నోటితో అంటాం?

ల్యాబులో ఒక్కొక్క మనిషికీ రక్తం తీశాక చేతులు కడుక్కోవాలి. అక్కడ కుళాయి దగ్గర నేనొక అలవాటు చేసుకున్నాను. చేతులకి సబ్బు రాసినంతసేపూ, "ప్రభువా, చేతులు నేను కడుక్కుంటా, నోటి సంగతి నువ్వు చూసుకో" అనుకుంటాను. పెద్ద ప్రార్థన కాదు. మోకాళ్లు వేసింది లేదు, కన్నీళ్లు కార్చింది లేదు. కానీ పొద్దుటినుంచి అదేపనిగా అనడంతో సాయంత్రానికి నోటికి తాళం అలవాటయింది. ఎవరు ఏమడిగినా ఒకటే జవాబు పెట్టుకున్నాను. "ల్యాబు మాట ల్యాబులోనే. నాకు తెలిసినా ఇదే చెబుతా, తెలవకపోయినా ఇదే చెబుతా." కొన్నాళ్లకి వాళ్లకే విసుగొచ్చింది. బజ్జీలు తగ్గాయి. బతికే ఉన్నాను.

అసలు శోధన అప్పటికింకా రాలేదు.

ఎస్తేరు వదినకి డాక్టరు చేయించిన పరీక్షలన్నీ బాగున్నాయి. ఆ సంగతి అత్తే చాప మీద అందరికీ చెప్పింది. ఏ లోపమూ లేదంటే ఎవరైనా సంతోషిస్తారు గదా. అత్త లెక్క వేరు. "రిపోర్టులో కనపడే జబ్బయితే డాక్టరు పట్టేవాడు. పట్టలేదంటే ఏందర్థం? అది కనపడని జబ్బు. గొడ్రాలి ఆత్మ!" రిపోర్టు బాగుండటమే దయ్యం ఉందనడానికి సాక్ష్యం అయింది. నేను చదివిన డిగ్రీలో ఈ పాఠం లేదు.

అప్పటినుంచి శుక్రవారమంటే వదినకి గండం. మధ్యలో కూర్చోబెట్టి, తలమీద ప్రార్థన నూనె పోసి, అందరూ చేతులు పెట్టి, "వదిలిపో! వదిలిపో!" అని కేకలు. మైకు హారన్లలో వీధంతా వినపడేది. తర్వాత వదినే లేచి, నూనె తలతోనే అందరికీ టీ ఇచ్చేది. ఏ దయ్యమైనా టీ ఇంత చక్కగా పెడుతుందా అని నాకు అనుమానం.

ఒకరోజు వదినని చూసిన డాక్టరుగారి ఆసుపత్రినుంచి మా ల్యాబుకి పరీక్షకి ఒక డబ్బీ వచ్చింది. మగవాళ్లకి చేసే పరీక్ష. ఏ పరీక్ష, ఎలా చేస్తారు అని అడగొద్దు నాయనమ్మా, అమ్మ చదవలేక చస్తుంది. పేరు చూడకుండానే పరీక్ష చేశాను. లోపం కనపడింది. రిపోర్టు మీద పేరు కొట్టేటప్పుడు చూశాను. దానియేలు.

ఆ సాయంత్రం రిపోర్టు తీసుకోవడానికి అన్న వచ్చాడు. కౌంటరు దగ్గర నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను ల్యాబులో చేస్తానని తెలుసుగానీ అది ఈ ల్యాబేనని అన్నకి తెలియదు. ఆసుపత్రివాళ్లు రిపోర్టు ఇక్కడ తీసుకోమంటే వచ్చాడు, అంతే.

"నువ్వు చూశావా చెల్లెమ్మా?"

"పరీక్ష చేసేది నేనే అన్నా."

"ఇంట్లో..."

"నేను చెప్పను. నీ రిపోర్టు నీది. డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లు, దీనికి మందులుంటయ్. వదినకి మాత్రం నువ్వు చెప్పాలి."

"చెబుతా, చెబుతా" అన్నాడు. కవరు మడిచి జేబులో కుక్కుకొని వెళ్లాడు.

చెప్పలేదు. శుక్రవారం వచ్చింది, వదిన తలమీద నూనె పడింది. అన్న యాంప్లిఫయరు దగ్గర తల వంచుకొని వైర్లు సరిచేస్తూ కూర్చున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్న వైర్లు. మళ్లీ శుక్రవారం వచ్చింది, మళ్లీ వైర్లే.

తర్వాత అత్త ఇంకో మాట తెచ్చింది. గురజాల అవతల ఎక్కడో ఆత్మలు వెళ్లగొట్టే ప్రార్థన శాల ఉందట. అక్కడ వదిలేసి వస్తే, విడుదల అయ్యేదాకా ఉపవాసాలతో అక్కడే ఉంచుతారట. "సోమవారం దింపి వస్తా. విడుదలైతే వచ్చిద్ది. కాకపోతే వాళ్ల అమ్మగారింటికి పోయిద్ది. నా కొడుకు బతుకు నేను చూసుకోవాలి గదా." వదిన బట్టల సంచి సర్ది వరండాలో పెట్టింది కూడా అత్తే.

ఆ గురువారం మేడమీద ఆరేసిన బట్టలు తీస్తూ వదిన నన్ను అడిగింది. తల తిప్పకుండానే అడిగింది.

"కెజియా, నా గురించి నీకేమన్నా తెలుసా?"

నాయనమ్మా, నేను తీగ మీది దుప్పటి లాగి మడతపెట్టాను. మడిచినదాన్నే విప్పి మళ్లీ మడిచాను. చెబితే ఈమె సంచి వెనక్కి వస్తుంది. నూనె ఆగుతుంది. ఇది మూడో ఇంటామె షుగరు కాదు, ఒక మనిషిని కాపాడటం. చెప్పకపోతేనే పాపం అనిపించింది. ఇంత మంచి శోధన నాకెప్పుడూ రాలేదు. ముందొచ్చినవన్నీ దీని కాలిగోటికి చాలవు.

"వదినా, ల్యాబు మాట ల్యాబులోనే. తెలిసినా ఇదే చెబుతా, తెలవకపోయినా ఇదే చెబుతా. నీ సంగతి అడగాలంటే నీ మొగుణ్ని అడుగు. అందరికీ చెప్పినట్టే నీకూ చెబుతున్నా."

"ఆయన్ని అడిగితే లేచి షాపుకి పోతాడు."

"మరి నువ్వు గురజాల వెళతావా?"

"వెళ్లనని ఎవరితో చెప్పుకోను?" అని బట్టలు తీసుకొని దిగిపోయింది.

మర్నాడు శుక్రవారం. ఆ రోజు ప్రార్థన అంతా వదినని సాగనంపడానికే. అత్త ముందు ప్రార్థించింది, పిన్నులు ప్రార్థించారు. తర్వాత అత్త మైకు తెచ్చి నా చేతిలో పెట్టింది. "చదువుకున్న పిల్లవి, నువ్వు చెయ్యమ్మా. ఈ ఆత్మని గద్దించు."

మైకు బరువుగా ఉంది. ఎదురుగా నూనె కారుతున్న వదిన తల. గుమ్మం పక్కన దానియేలు అన్న నన్నే చూస్తున్నాడు. చెయ్యి యాంప్లిఫయరు స్విచ్చి మీద ఉంది. నేను నోరు తెరిస్తే కట్టేద్దామనుకున్నాడేమో. ఒక్క వాక్యం చాలు. వీధి వీధంతా వింటుంది, అత్త నోరు జన్మలో లేవదు. నిజం గనక తప్పు కాదు గదా అని కూడా అనిపించింది. కానీ నిజం నాది కాదు. పరీక్ష చేసినంత మాత్రాన మనిషి నా సొత్తు అయిపోడు. ఇంకోటి కూడా ఉంది. ఆ వాక్యం చెప్పాలన్న ఆత్రంలో వదిన మీద జాలి ఎంతుందో, అత్త మొహం మాడిపోతే చూడాలన్న సరదా కూడా అంతే ఉంది. ఆ సరదాని చూసి నాకే భయమేసింది. ఇంత జనంలో కుళాయి ఎక్కడినుంచి తెచ్చుకోను? చేతులు కడుక్కోకుండానే మనసులో అనుకున్నాను, నోటి సంగతి నువ్వు చూసుకో ప్రభువా అని.

"అత్తా, ఈ ప్రార్థన నాకు రాదు" అని మైకు తిరిగి ఇచ్చాను.

"రాదా, చెయ్యవా?"

"చెయ్యను. వదినలో దయ్యం ఉందని నేను నమ్మను. నమ్మని ప్రార్థన చెయ్యను."

మైకు మా ఇద్దరి మధ్యే ఉంది గనక అది కూడా వీధిలోకి పోయింది. పిన్నులు నోళ్లు తెరిచారు. అత్త మొహం గంటు పెట్టుకుంది. "ఏమే, రక్తం తీసే చదువుకి ఇంత పొగరా? నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి" అంది. ఆ రోజు టీ లేదు, బజ్జీ లేదు. మెట్లెక్కి గదిలోకి వెళ్లి బల్లికి జరిగినదంతా చెప్పాను. అది చప్పరించింది.

శనివారం పొద్దున ల్యాబుకి వెళుతుంటే షాపు ముందు అన్న ఆపాడు.

"నిన్న నన్ను కాపాడావు చెల్లెమ్మా."

నాకు అప్పుడు వచ్చింది అసలైన కోపం. "నిన్ను కాదన్నా, నా నోటిని కాపాడుకున్నా. సోమవారం బస్సెక్కేది ఎవరు? నువ్వా? నీ మాట దాచడానికి నీ భార్యని మూటగట్టి పంపిస్తన్నావు."

"ఊళ్లో తలెత్తుకు తిరగలేను. నవ్వుతారు."

"నవ్వుతారు. వదినని చూసి ఇన్నాళ్లు నవ్వలేదా? ఆమె తట్టుకోలా? దయ్యం దయ్యం అని మీ అమ్మ వదినలో వెతుకుతంది. మీ ఇంట్లో అది ఉన్నది ఆ కవర్లో అన్నా. నువ్వు తెరిస్తే పోయిద్ది, ఎవరూ కేకలు పెట్టక్కర్లా."

అన్న ఒక హారను తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. మగవాళ్లకి తుడవడానికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది. నేను వెళ్లిపోయాను. చేయగలిగింది అయిపోయింది, ఇంకేం చెయ్యాలో నాకు తోచలేదు. ఆ రోజు కుళాయి దగ్గర నా నోటి సంగతి వదిలేసి అన్న నోటికోసం ప్రార్థన చేశాను. నాదాన్ని మూయించమని, ఆయనదాన్ని తెరిపించమని.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరో ఒకామె కొత్త ఫ్రిజ్జు గురించి సాక్ష్యం చెప్పి కూర్చుంది. యాంప్లిఫయరు దగ్గర కూర్చునే మనిషి, ఏనాడూ నోరు విప్పి సాక్ష్యం చెప్పని మనిషి, లేచి మైకు అందుకున్నాడు.

"నాది సాక్ష్యం కాదు, మనవి" అన్నాడు. "మా ఇంట్లో పిల్లలు లేకపోడానికి ఎస్తేరులో ఏ లోపం లేదు. ఏ ఆత్మా లేదు. టెస్టు నాకు చేశారు. లోపం నాలో ఉంది. నాకు తెలుసు. తెలిసీ గమ్మున కూర్చున్నా. నాకోసం ప్రార్థన చెయ్యండి. ముందు నా భార్య నన్ను క్షమించాలని చెయ్యండి."

"ఒరేయ్ దానియేలూ, మైకు ఆపరా!" అని అరిచింది సంతోషమ్మ అత్త. ఆపాల్సినవాడి చేతిలోనే మైకు ఉంది గనక ఆ అరుపు కూడా బస్టాండు దాకా వెళ్లింది. పాస్టరుగారు పాట ఎత్తబోయి పల్లవి మర్చిపోయారు.

ఎస్తేరు వదిన లేచింది. ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. ఆడవాళ్ల వైపునుంచి మగవాళ్ల వైపుకి తిన్నగా నడిచి, యాంప్లిఫయరు స్విచ్చి కట్టేసింది. అన్నతో ఏదో అంది. ఏమందో ఎవరికీ వినపడలేదు. మా పిన్నులు మెడలు సాచి ప్రయత్నించారు గానీ ప్రభువు కరుణించలేదు.

సోమవారం ఆ సంచి బస్సెక్కింది. గురజాల వైపు కాదు, గుంటూరు వైపు. అన్నా వదినా ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. నయమవుతుందో లేదో నాకు తెలియదు. తెలిసినా ఏం చెబుతానో నీకు తెలుసు.

అత్త వారమంతా వాకిలి దాటలేదు. వీధిలో నవ్వినవాళ్లు నవ్వారు. అన్న షాపు తీశాడు, మైకులు అద్దెకిచ్చాడు. ఆకాశం విరిగి పడలేదు.

నిన్న మళ్లీ శుక్రవారం. ఎవరూ రారనుకున్నాను, అందరూ వచ్చారు. ఏం జరుగుతుందో చూడాలి గదా. అత్త మైకు పెట్టనివ్వలేదు. పాటలయ్యాక వదిన ఎప్పటి అలవాటుగా వచ్చి మధ్యలో కూర్చోబోయింది. అత్త ఆమె చెయ్యి పట్టుకొని లేపి, తన పక్కన కూర్చోబెట్టుకుంది. కళ్లు మూసుకొని "ప్రభువా" అంది. మేమంతా కాచుకున్నాం. గంటలు గంటలు గుక్కతిప్పుకోకుండా ప్రార్థించే మనిషి. చానాసేపటికి, "ప్రభువా, ఈ పిల్లతో ఏం చెప్పాల్నో నాకు తెలవట్లా" అంది. ఇంకేమీ రాలేదు. చేతిని మాత్రం వదల్లేదు.

ఆ ఇంట్లో నేను చానా ప్రార్థనలు విన్నాను నాయనమ్మా. మనస్ఫూర్తిగా ఆమెన్ అన్నది నిన్ననే.

నా గది సంగతి ఇంకా తేలలేదు. ఖాళీ చెయ్యమనీ అనడం లేదు, ఉండమనీ అనడం లేదు. నేనూ అడగడం లేదు. ఎవరైనా క్రోసూరునుంచి ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి, నా నల్ల గొడుగు పంపించు. పచ్చడి కొంచెం ఎక్కువే పెట్టు, అత్తకి కూడా ఇవ్వాలి. నా గురించి భయపడొద్దు, వేళకి తింటున్నాను, చర్చికి వెళుతున్నాను, ఎవరితోనూ పోట్లాట లేదు, ఉన్నది పైన రాసేశాను.

నాన్నకి, అమ్మకి, మన పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి నా వందనాలు చెప్పు. ప్రార్థనలో నన్ను మర్చిపోకు. పేరు పెట్టి చేయవచ్చు, కారణం మాత్రం చెప్పొద్దు. నీ రెండు చేతులూ నా తలమీద ఉన్నట్టే అనుకొని పడుకుంటాను.

నీ దీవెనలు కోరే
నీ మనవరాలు,
కెజియా